రేపు మాస్టారి గౌను

మా ఆయన దర్జీ. ఊరు పెట్టిన పేరు ‘రేపు మాస్టారు’. ఎవరొచ్చి ఏ బట్టలు అడిగినా మెడలో టేపు సవరించుకుని “రేపు రండి” అంటారు. పెళ్ళిచూపుల్లో మా నాన్న “అమ్మాయి నచ్చిందా బాబూ?” అని అడిగితే “రేపు చెప్తానండీ” అన్నారు. నేను అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. నా ఖర్మ, సిగ్గేమో అనుకున్నాను.

డిసెంబరు వచ్చిందంటే కొట్లో కాలు పెట్టే చోటుండదు. “మాస్టారూ, పండగ ఇవాళేనండీ! రేపిస్తే ఎవరికండీ?” అని తల్లులు బతిమాలుతుంటారు. ఈయన కాసేపు బిగదీసుకుని, “సరే, మీ మొహం చూసి చేస్తున్నా” అంటారు. అలా అందరి మొహాలూ చూస్తారు, ఇంట్లోవాళ్ళవి తప్ప. క్రిస్మస్ పొద్దున ఊరంతా కొత్తబట్టల్లో చర్చికి వెళ్తుంటే, వాటిని కుట్టినాయన మిషను మీద తలపెట్టి గురకపెడుతుంటారు. అత్తయ్యా నేనూ పాపా మాత్రమే వెళ్ళి వస్తాం. పాప ఒంటిమీద కిందటేటి గౌనే. దానికి రెండో తరగతి వచ్చినా, పండగనాడు నాన్న కుట్టిన కొత్త గౌను ఎలా ఉంటుందో తెలీదు. దాని గౌను ఎప్పుడూ జనవరిలోనే వస్తుంది.

ఈ ఏడు నేను తెగేసి చెప్పాను. “పండక్కి మనం ఊళ్ళో ఉండం. కొట్టుకి తాళం. సముద్రం దగ్గర గది తీసుకున్నాను. పండగ పొద్దున పాప ఒంటిమీద కొత్త గౌను ఉండాలి, మీరు మెలకువగా ఉండాలి. లేదంటే మీతో మాట్లాడను. అదీ రేపట్నించి కాదు, అప్పట్నించే.”

మందు బాగానే పనిచేసింది. ఆయన నిజంగానే గౌను కుట్టి, ప్రయాణానికి ముందే కాగితంలో చుట్టి కొట్లో పెట్టారు. అత్తయ్య తన కొడుకు నుదుటి మీద చెయ్యేసి చూసి, “ఒరేయ్, ఒంట్లో బాగానే ఉందా?” అంది.

బస్సులో మా ఆయన, ముందు సీట్లో మనిషి కాలరు వైపు వంగి వంగి చూశారు. “మావాడికి మనుషులు కనపడరు బాబూ, కుట్లే కనపడతాయి. ఏమనుకోకు” అని ఆ మనిషికి సర్దిచెప్పింది అత్తయ్య. గదిలోకి వెళ్ళగానే కిటికీ దగ్గర నిలబడితే, పోన్లే, సముద్రం చూస్తున్నారనుకున్నాను. కర్టెను అంచు చూస్తున్నారు.

పండగ ముందురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పాప గౌను చూపించమంది. ఆయన పెట్టెలోంచి పొట్లం తీసి, రాజుగారి కిరీటం దింపుతున్నట్టు మంచం మీద పెట్టి విప్పారు. లోపల పెద్ద పెద్ద పసుపు పూల గుడ్డ. కత్తిరించిన ముక్కలు. ఒక్క కుట్టు లేదు.

“నాన్నా, ఇది గౌనా, గుడారమా?” అంది పాప.

అది మా ఊరి పోస్టుమాస్టరమ్మ నైటీకి కత్తిరించిన గుడ్డ. ఆవిడ బాగా నిండైన మనిషి.

కొట్లో రెండు అరలుంటాయి, రెంటిలోనూ కాగితం పొట్లాలే. అయిపోయినవి పై అరలో, ‘రేపు’వి కింది అరలో. పాప బట్టలు ఎప్పుడూ కింది అరలోనే పడుంటాయి. ఈసారి పూర్తయింది కదాని ఆయనే గర్వంగా పై అరలో పెట్టారు. బయల్దేరే హడావుడిలో చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ కింది అరలోకే వెళ్ళింది.

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు” అంది అత్తయ్య.

పాప ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. కిందటేటి గౌను తీసి, దులిపి, “దీనికి గుండీలన్నీ ఉన్నాయిలే అమ్మా” అంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ఫోను లాక్కుని పోస్టుమాస్టరమ్మకి కలిపారు. ఆవిడ గొంతు గదంతా వినిపిస్తుంది, స్పీకరు అక్కర్లేదు.

“అమ్మా, పొరపాటున మీ నైటీ గుడ్డ నాతో వచ్చేసింది. దాంతో మా పాపకి గౌను కుట్టుకుంటానండీ. మీకు కొత్త గుడ్డ తెచ్చి కుట్టి ఇస్తాను.”

“గౌను ఎప్పుడు కుడతావు?”

“ఇవాళేనండీ.”

“ఎవరు మాట్లాడేది? ఫోను మాస్టారికివ్వు.”

“నేనేనమ్మా మాస్టార్ని!”

“చాల్లే, ఆయన నోట ‘ఇవాళ’ అన్న మాట నేనెప్పుడూ వినలేదు.”

నేను ఫోను తీసుకుని, ఈయన ఈయనేనని సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఆవిడ పడీ పడీ నవ్వి, “కుట్టుకోమనమ్మా. నా నైటీ ఎటూ పండక్కి రాదని నాకు ముందే తెలుసు” అంది.

మేం దిగిన లాడ్జిలో కింద దుప్పట్ల గదిలో ఒక పాత మిషను ఉంది. చిరిగిన దిండు గలేబులు కుట్టడానికట. “వాడుకోండి కానీ అది మొండిది, దారం తెంపుతుంది” అంది మేనేజరమ్మ. “మా ఇంట్లోనూ ఉన్నారండీ అలాంటివాళ్ళు” అని నావైపు చూసి, ఆయన మిషనుకి నూనె చుక్కలు వేశారు.

అత్తయ్య పాపని తీసుకుని అలలు చూడ్డానికి వెళ్ళింది. నేనూ చెప్పులేసుకున్నాను. ఇంతలో మెట్ల మీదుగా టకటకా మిషను చప్పుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ చప్పుడు తప్పించుకోవడానికేగా ఇంత దూరం వచ్చింది! సముద్రం ఎక్కడికీ పోదు, ముందు ఈ మనిషి సంగతి తేల్చాలని దిగాను.

“దాని కొలతలైనా తీశారా? ఆ టేపు అలంకారానికా?”

ఆయన తలెత్తలేదు. “ఊరందరికీ కొలత తియ్యాలి, దానికెందుకే? కొట్లో బల్లకి ఆనుకుని నిలబడితే దాని గడ్డం ఇదిగో, ఇక్కడికొస్తుంది. మొన్నటిదాకా ఇక్కడికొచ్చేది. రోజూ వచ్చి నిలబడి అడుగుతుందిగా, అయిందా నాన్నా అని.”

నా కోపం నీరుగారిపోయింది. ఇన్నేళ్ళూ ఈయన దాన్ని చూడ్డం లేదనుకున్నాను. చూస్తూనే ఉన్నారు, రోజూ. ఆ మనిషి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, మాట్లాడితే ఏడుస్తానేమోనని మేనేజరమ్మ దగ్గర సూదీ గుండీలూ అడిగి తెచ్చుకుని పక్కనే కూర్చున్నాను. మొండి మిషను దారం తెంపినప్పుడల్లా ఆయన దాన్ని తిట్టారు, నేను ఆయన్ని తిట్టాను. దీపాలు పెట్టే వేళకి గౌను తయారైంది.

పండగ పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, గౌను పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉన్నారు. ఎక్కడో చర్చి గంట మోగుతోంది. పాప కళ్ళు నులుముకుని లేచింది. గౌను చూసింది. తిప్పి వెనక చూసింది. పోస్టుమాస్టరమ్మ పసుపు పువ్వొకటి సరిగ్గా పొట్ట మీదికి వచ్చింది. దాని కళ్ళు మెరిశాయి. కానీ వెంటనే మూతి బిగించి, మెడలో లేని టేపు సవరించుకుని అంది:

“రేపు రండి.”

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన అచ్చం కొట్టు ముందు తల్లుల్లాగే చేతులు కట్టుకుని, “అమ్మా, పండగ ఇవాళేనమ్మా. రేపు వేసుకుంటే ఎవరికమ్మా?” అన్నారు. వేళాకోళంగానే మొదలుపెట్టారు. మధ్యలోకి వచ్చేసరికి నిజంగానే బతిమాలుతున్నారు.

పాప కాసేపు బిగదీసుకుంది.

“సరే, మీ మొహం చూసి వేసుకుంటున్నా” అని చేతులు పైకెత్తింది.