మా బావ నాలుగడుగుల మానిటర్

మా బావకు వస్తువులు కొనడం ఇష్టం, వాడటం ఇష్టం ఉండదు. ఇంట్లో సోఫాకు ఆరేళ్ళ నాటి ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. కూర్చుంటే తొడలకు అంటుకుంటుంది, లేస్తే చర్రుమంటుంది. రిమోటుకు కవరు, ఫ్రిజ్ తలుపుకు కవరు. కారు సీట్ల మీద షోరూమువాళ్ళు వేసిన కవర్లు పీలికలై వేలాడుతున్నా తీయనివ్వడు. ఆ ఇంట్లో కవరు లేకుండా వాడుతున్నది మా అక్కను ఒక్కదాన్నే.

అలాంటి మనిషి తన ఫోటో స్టూడియోకు ఓ మానిటర్ కొన్నాడు. నలభై తొమ్మిది అంగుళాలది. అడ్డంగా కొలిస్తే నాలుగడుగులు, రెండు చివర్లూ కొంచెం లోపలికి వంగి ఉంటాయి. ఆల్బంలో ఎదురెదురు పేజీలు రెండూ పూర్తి సైజులో ఒకేసారి కనిపిస్తాయి, పక్కన ఇంకా చోటు మిగులుతుంది. నిజం చెప్పాలి కదా, మంచి వస్తువు. పెట్టె తెరిచిన రోజు నేనూ నోరు తెరుచుకుని చూశాను. రంగులు ఫ్యాక్టరీలోనే సరిచూసి పంపామని దాంతోపాటు ఒక సర్టిఫికెట్ వచ్చింది. బావ దానికి ఫ్రేము కట్టించి మానిటర్ పైన గోడకు తగిలించాడు. కస్టమర్లు వస్తే ముందు సర్టిఫికెట్ చూపించేవాడు, తర్వాత మానిటర్ చూపించేవాడు, ఓపిక మిగిలితే వాళ్ళ ఫోటోలు చూపించేవాడు.

మర్నాడే బోర్డులకు స్టిక్కర్లు వేసే అతన్ని పిలిపించాడు. అంత తెరకు సరిపోయే స్క్రీన్ గార్డు ఎక్కడా దొరకదు కాబట్టి, అతను తన దగ్గరున్న పల్చటి ప్లాస్టిక్ షీటును కొలిచి కోసి, ఒక్క బుడగ లేకుండా తెర మీద అంటించాడు. అంటించినట్టే తెలియలేదు, అంత తేటగా ఉంది.

"ఇంక దీన్ని ఎవరూ తడిగుడ్డతో ముట్టుకోకూడదు. గీతలు పడతాయి," అని బావ ఆర్డరు వేశాడు. రోజూ పొద్దున్నే మా అక్క వచ్చి పొడిగుడ్డతో పైపైన దుమ్ము దులిపి వెళ్ళాలి. స్టూడియోలో ఆమెకున్న పని అదొక్కటే.

ఆ మానిటర్ ముందు కూర్చునేదాన్ని నేను. పంతొమ్మిదేళ్ళుగా ఫోటోల రంగులు సరిచేస్తున్నాను. ఊళ్ళో స్టూడియోలవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవరు, రంగులక్క అంటారు. ఎండకు కమిలిన మొహాన్ని, ట్యూబులైటు కింద పాలిపోయిన మొహాన్ని మళ్ళీ మనిషి మొహంలా చేసి పెట్టడం నా పని. మా అమ్మాయిని నాలుగు ఛాయలు తెల్లగా చెయ్యమని అడిగినవాళ్ళను, అమ్మాయి బాగానే ఉంది మీరే సరిగ్గా చూడండి అని పంపించిన రోజులున్నాయి. నాకు పెద్ద చదువు లేదు, వెనకేసుకున్నది లేదు. రెండు కళ్ళున్నాయి, వాటికో పేరుంది. ఆ పేరు పోతే నన్ను పనికి పిలిచేవాళ్ళు ఉండరు.

బావ ఆ గదిలోనే కూర్చుని సిగరెట్లు కాల్చేవాడు. కిటికీ తెరిస్తే మానిటర్ మీద దుమ్ము పడుతుందట, అందుకని ఎప్పుడూ మూసే ఉంచాలి. నా ఊపిరితిత్తుల మీద ఏం పడినా ఫర్వాలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి జుట్టు విప్పితే నా తల నాకే కంపు కొట్టేది. పీకలు టీ కప్పులో వేస్తాడు. ఒకసారి చూసుకోకుండా ఆ కప్పు ఎత్తి నోట్లో పెట్టుకున్నాను. తర్వాత ఏమైందో చెప్పను, మీరేదైనా తింటూ చదువుతుంటే బాగుండదు.

మానిటర్ కొన్న ఏడో నెలలో మొదటి ఆల్బం తిరిగొచ్చింది. పెళ్ళికూతురి తల్లి దాన్ని కౌంటరు మీద పెట్టి తెరిచింది. పిల్ల మొహం నీలంగా ఉంది. పెళ్ళికొడుకూ నీలమే, వెనక నిలబడ్డ చుట్టాలూ నీలమే.

"నీళ్ళలోంచి బయటికి తీసినట్టున్నారు," అంది ఆవిడ.

లోపలికెళ్ళి తెర మీద అదే పేజీ తెరిచి చూశాను. అక్కడ పిల్ల చక్కగా, ఆరోగ్యంగా నవ్వుతోంది.

"ప్రెస్సువాళ్ళు చెడగొట్టారు," అన్నాడు బావ. రెండో ఆల్బం వచ్చింది, మూడోదీ వచ్చింది. ప్రెస్సు మార్చాడు. కొత్త ప్రెస్సులో కూడా నీలమే. అప్పుడు ఆయనకు జ్ఞానోదయమైంది.

"మరదలా, నీ కళ్ళు ఓసారి చూపించుకో."

"నా కళ్ళకేమైంది బావా? ప్రింటు నీలంగా ఉందని మీకు చూపించింది నేనేగా."

"కాగితం మీద తెలుస్తోంది, తెర మీద తెలియట్లేదు. అదే జబ్బు. అంత పెద్ద కంపెనీ వస్తువు అబద్ధం చెప్తుందా?" అని గోడ మీది సర్టిఫికెట్ వైపు గడ్డం ఎత్తాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నేను కూడా ఆ కాగితాన్ని నమ్మాను. పంతొమ్మిదేళ్ళ నా చూపు మీద కంటే, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు సంతకం పెట్టిన కాగితం మీద నాకు ఎక్కువ గురి కలిగింది. వెళ్ళి కళ్ళ డాక్టరమ్మను కలిశాను. రంగు చుక్కల్లో దాచిన అంకెల పుస్తకం ముందు పెట్టి చదవమంది. చివరి పేజీ దాకా తడుముకోకుండా చదివాను. "మీ కళ్ళు నాకిస్తారా?" అని నవ్వి, ఏ లోపమూ లేదని రాసిచ్చింది. ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెడితే బావ దాని మీద టీ కప్పు పెట్టుకున్నాడు.

"డాక్టర్లు అందరికీ బాగుందనే చెప్తారు," అన్నాడు. నేను చూసిన డాక్టర్లలో అలా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు మరి.

ఈలోగా ఊరంతా టముకు వేసేశాడు. మా మరదలికి చూపు మందగించింది, పాపం, ఇంట్లోమనిషి కదా అని నెట్టుకొస్తున్నాను అని ప్రతి స్టూడియోలోనూ కూర్చుని చెప్పాడు. చెడిన ఆల్బంలన్నిటికీ అదొక్కటే సంజాయిషీ. ఒకటో తారీఖు నుంచి నేను కౌంటర్లో కూర్చుని ఫోటోలు కవర్లలో పెట్టాలని, రంగులకు వేరే అమ్మాయిని చూస్తున్నానని నాకూ చెప్పాడు.

ఎదురు స్టూడియోకు వెళ్ళి పనేమైనా ఉందా అని అడిగాను. ఆ యజమాని ఒకప్పుడు నన్ను లాక్కుపోవాలని ఏడాది పాటు తిరిగినవాడు. "కళ్ళెలా ఉన్నాయక్కా?" అన్నాడు, రోగి మంచం పక్కన కూర్చున్నవాడి గొంతుతో. కుర్చీ దగ్గరికి జరిపాడు. పని మాట ఎత్తలేదు. వచ్చేటప్పుడు మెట్లు దిగడానికి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. జాలి చూపించేవాళ్ళు తిట్టేవాళ్ళకంటే ఎక్కువ ఒళ్ళు మండిస్తారు.

ఇక మూడు రోజుల్లో ఒకటో తారీఖు. ఆఖరి ఆల్బం ఫైళ్ళు తీసుకుని నేనే ప్రెస్సుకు వెళ్ళాను. ప్రెస్సు పెద్దాయన దగ్గర ఉన్నది ముసలి మానిటర్, నా ఒళ్ళో పట్టేంత. చొక్కా కొసతో తెర తుడిచి నా ఫైలు తెరిచాడు. అందులో మొహాలు నీలంగా ఉన్నాయి. ప్రింటు కాకముందే, ఆయన చెయ్యి పడకముందే.

"నీలం నువ్వు పంపినదాంట్లోనే ఉందమ్మా. ఏ తెర మీద చేశావు?"

"నాలుగడుగులది. మా బావ కొన్నది."

"అడుగులు అడగలేదు. శుభ్రంగా ఉంటుందా?"

పక్కున నవ్వాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికి ఎవతో. అలా అనుకుంటారనే భయంతో నేను మద్దెల వైపు కన్నెత్తి చూడలేదు.

స్టూడియోకు తిరిగొచ్చేసరికి బావ లేడు. అక్క మానిటర్ ముందు నిలబడి పొడిగుడ్డతో దులుపుతోంది. నా చేతిరుమాలు మీద సీసాలో నీళ్ళు ఒంపి, తెర మూల గట్టిగా రుద్దాను. రుమాలు తిప్పి చూస్తే టీ ఒలికినట్టు గోధుమరంగు మరక, వేళ్ళకు జిగట. వాసన చూశాను. చూడాల్సింది కాదు. మా బావ ఎనిమిది నెలల సిగరెట్లన్నీ ఆ రుమాల్లో ఉన్నాయి. ఆ పొగ ఆ షీటు మీద రోజుకింత పేరుకుంది. దానిలోంచి చూస్తే ప్రతి మొహం కాస్త పచ్చబడి కనిపించేది, నేను ఆ పసుపు విరిగేదాకా నీలం కలుపుతూ పోయాను. రోజుకింత కాబట్టి నాకు తెలియలేదు.

"తడిగుడ్డ పెట్టకే, మీ బావ చూస్తే..." అంది అక్క. నా మొహం చూసి ఆగింది. తర్వాత మెల్లగా, "నాకు తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"పొడిగుడ్డ కూడా పసుపెక్కుతోంది కదా. నెల్లాళ్ళ కింద ఆయనకు చూపించాను. నీకు చెప్పొద్దన్నారు. అప్పటికే అందరికీ నీ కళ్ళే కారణమని చెప్పేశారట. ఇప్పుడు కళ్ళు కాదు, నా పొగ అంటే నలుగురూ నవ్వరా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను. నీకైతే ఎక్కడో ఒకచోట పని దొరక్కపోదులే అనుకున్నా."

గుడ్డను మడతపెడుతూ అంది ఆ మాట. నాకు అక్షరాలు నేర్పింది మా అక్కే. ఆమెను చూసి ఏదో ఒకరోజు నాకు అసహ్యం వేస్తుందని అనుకోలేదు. వేసింది. ఆ గదిలో పొగ వాసనకంటే అదే ఎక్కువగా గొంతులోకి వచ్చింది.

మూల దగ్గర గోరు దూర్చి షీటు లాగాను. అక్క నా చెయ్యి పట్టుకుంది కానీ గట్టిగా పట్టుకోలేదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా నాలుగడుగులు చర్రుమంటూ ఊడివచ్చింది. కింద తెర నిగనిగలాడుతోంది. ఎనిమిది నెలల నా పని ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నాను. చివరి నెలలవన్నీ నీలమే. పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఆ పెళ్ళికూతురు. పొగ బావదే కావచ్చు, నీలం పులిమిన చెయ్యి నాది. నా చేతుల మీదే నాకు రోత పుట్టింది.

అప్పుడొచ్చాడు బావ. నేల మీద షీటు చూశాడు, మానిటర్ చూశాడు. కేకలు వేస్తాడనుకున్నాను. దగ్గరికొచ్చి కళ్ళు చిట్లించి, "కొత్తదానిలా ఉంది," అన్నాడు సంతోషంగా. వెంటనే ఫోను తీసి, ఇంకో షీటు పట్టుకుని రమ్మని స్టిక్కర్ల అతనికి చెప్పాడు.

"బావా, నా కళ్ళు పోయాయని ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ కాదని చెప్పండి."

"చెప్తాలే. దానిదేముంది." కుర్చీలో కూర్చుని సిగరెట్ ముట్టించాడు. కాసేపు ఆలోచించాడు. "నీకు ఆపరేషన్ చేయించానని చెప్తాను. నేనే దగ్గరుండి పెద్ద డాక్టరుతో చేయించానని. నీ పేరూ నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. సోమవారం నుంచి మళ్ళీ నువ్వే రంగులు చెయ్యి."

"ఒప్పుకోవే," అంది అక్క. "నీకు కావలసింది పనే కదా."

నేను నోరు తెరిచేలోపే ఆయన ఎదురు స్టూడియోకు ఫోను కలిపేశాడు. మా మరదలికి ఆపరేషన్ బాగా జరిగిందయ్యా, నిన్ననే కట్టు విప్పారు, ఇదిగో మాట్లాడు అని నా చేతికిచ్చాడు.

"నాకు ఏ ఆపరేషనూ జరగలేదు," అన్నాను. "నా కళ్ళకు ఏ రోజూ ఏమీ కాలేదు. మానిటర్ మీద మా బావ సిగరెట్ పొగ పేరుకుంది. అంతే."

అవతల నుంచి అదే మంచం పక్క గొంతు. "సరేలే అక్కా, విశ్రాంతి తీసుకో. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు ఇలాగే చిరాగ్గా ఉంటుందట. మా పెద్దమ్మకూ ఇంతే."

బావ పొగ వదులుతూ నవ్వాడు. అబద్ధం పట్టుబడ్డవాడి నవ్వు కాదది. పని అయిపోయినవాడి నవ్వు.

ఫోను బల్ల మీద పెట్టి, నేల మీది షీటును చాపలా చుట్టి చంకలో పెట్టుకున్నాను. జిగట నా బట్టలకు అంటుకుంది. అంటుకోనీ.

"అదెక్కడికి పట్టుకెళ్తున్నావు? చెత్తబుట్ట ఇక్కడే ఉందిగా," అన్నాడు బావ.

ఊళ్ళో స్టూడియోలు పదకొండున్నాయి. మొదటిది రోడ్డుకు అటువైపే. బావ నా వెనకే గుమ్మం దాకా వచ్చి, "ఏయ్, మరదలా, ఆగు," అన్నాడు. ఇప్పుడాయన మొహంలో నవ్వు లేదు. నేను ఆగలేదు.

ఎదురు స్టూడియో మెట్లు ఎక్కుతుంటే యజమాని పరుగెత్తుకొచ్చి మోచెయ్యి పట్టుకోబోయాడు. పక్కకు జరిగి లోపలికెళ్ళాను. అతని తెర మీద ఎవరో చంటిపాప బోసినవ్వు నవ్వుతోంది. చుట్టిన షీటు విప్పి ఆ తెర ముందు అడ్డంగా పట్టుకున్నాను.

"ఇందులోంచి చూసి నువ్వు రంగులు దిద్దు," అన్నాను.

అతను ముందు ముక్కు మూసుకున్నాడు. తర్వాత చూశాడు.