పేరులో పోయిన అక్షరం

రోము సామ్రాజ్యంలోని అంతియొకయ టంకశాలలో నాణేల అచ్చులు చెక్కే త్రోఫిమస్‌కు ఆ ఉదయం నుంచి పని మీద ధ్యాస లేదు. ఈ నగరంలో తానే చక్రవర్తినని చాటుకున్న సేనాని యుద్ధంలో ఓడి చచ్చాడు. ఏడాదిగా వెండి నాణేల మీద వాడి ముఖం చెక్కింది తానే.

గెలిచినవాళ్ల అధికారి వెరాటియస్ సైనికులతో వచ్చి, అరచేతిలో ఒక పాత నాణెం పెట్టి చూపించాడు. ఒకవైపు ఆకుల కిరీటంతో ఓడినవాడి తల, రెండోవైపు త్రాసు పట్టిన న్యాయదేవత.

"ఈ పనితనం ఎవరిది?"

త్రోఫిమస్ ముందుకొచ్చాడు. "నాదే దొరా. చెక్కమన్నారు, చెక్కాను."

"గడ్డం బాగా కుదిరింది," అన్నాడు అధికారి నవ్వకుండా. "మా ప్రభువుకూ అలాగే కుదరాలి. ఈ పూటే."

రోము నుంచి తెచ్చిన నాణేన్ని నమూనాగా ఇచ్చాడు. త్రోఫిమస్‌ది గ్రీకు. లాటిను అక్షరాలు అతనికి ఉత్త గీతలే. వాటిని అచ్చులో తిరగేసి చెక్కాలి. మామూలుగా మైనంలో ఒత్తి సరిచూసుకునేవాడు. ఇవాళ అధికారి భుజం మీద ఊపిరి వదులుతూ నిలబడి, తొందరపెట్టి, అది కూడా చూసుకోనివ్వలేదు.

అచ్చును దాగలి దిమ్మలో బిగించాక అధికారి దాహానికని వాకిట్లోకి వెళ్లాడు. సమ్మెట కొట్టే సిరియా బానిస బర్లాహా వేడి వెండిబిళ్ళ పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. నాణేన్ని నమూనా పక్కన పెట్టి చూసిన త్రోఫిమస్‌కు అక్షరాల లెక్క కుదరలేదు.

"ఏమైంది మేస్త్రీ?"

"చక్రవర్తి పేరులో ఒక అక్షరం పోయింది. కావాలనే చెడగొట్టానంటారు."

నిన్ననే ఒక గుమాస్తాను ఇంతకన్నా చిన్న అనుమానం మీద నదిలోకి తోశారు.

వాకిట్లో చెప్పుల చప్పుడు దగ్గరపడింది. బర్లాహా ఆ నాణేన్ని వెండి కరిగే మూసలో పడేసి, ఇంకో బిళ్ళ పెట్టి, సమ్మెటను ఏటవాలుగా బలమంతా పెట్టి దించాడు. అచ్చు రెండు ముక్కలైంది.

"చెయ్యి జారింది దొరా," అన్నాడు లోపలికొచ్చిన అధికారితో.

బర్లాహాను వాకిట్లో స్తంభానికి కట్టి కొరడాతో కొట్టారు. త్రోఫిమస్ నిజం చెప్పాలని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి ఉలి అందుకున్నాడు. ఆ దెబ్బలు వింటూనే రెండో అచ్చు చెక్కాడు, ఒక్కొక్క గీతను మైనంలో ఒత్తి చూసుకుంటూ. పొద్దు వాలేసరికి నాణెం సరిగ్గా వచ్చింది. అధికారి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

త్రోఫిమస్ ఆలివ్ నూనె తెచ్చి బర్లాహా వీపుకు రాశాడు.

"ఎందుకు చేశావురా ఇంత పని?"

"నన్నయితే కొడతారు. మిమ్మల్నయితే చంపుతారు," అన్నాడు బర్లాహా పళ్లు బిగించి. "మీ తర్వాత వచ్చే మేస్త్రీ ఎలాంటివాడో ఎవరికి తెలుసు? మెల్లగా రాయండి."

త్రోఫిమస్ ఆ తర్వాత ఆరేళ్లు ఆ కొత్త ముఖాన్నే చెక్కాడు. సమ్మెట పడ్డ ప్రతిసారీ అతని భుజాలు ఉలిక్కిపడేవి.