ఒంటి దవడ

“తీగలు మూడు రకాలండీ” అని ఆమె రోజుకు పదిసార్లైనా చెబుతుంది. ఇనుపరంగువైతే నలభై వేలు. పంటి రంగులో కలిసిపోయేవైతే అరవై. పైకి కనిపించకుండా, తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకునే తొడుగులైతే లక్షా యాభై. ఏ రకమైనా ఏడాదిన్నర, రెండేళ్లు తిరగాలి. విప్పాక కూడా పడుకునేముందు పట్టీ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ఇదంతా చెప్పేది మాస్కు వెనకనుంచి. ఆరేళ్ల కిందట పళ్ల ఆస్పత్రిలో ముందుబల్ల దగ్గర పనికి చేరిన మొదటిరోజే డాక్టరు, “ఏమనుకోకమ్మా, పళ్లు సరిచేసే చోట ముందు కనబడేది నువ్వు. ఆ మాస్కు తియ్యకు” అన్నాడు. ఏమనుకోకమ్మా అన్నాక అనుకోవడానికి ఏం మిగులుతుంది? చెవుల వెనక తాడు ఒరుసుకుని కాయలు కాశాయి, అంతే.

అక్కడ పనిచేసేవాళ్లకు వంతులవారీగా ఒక సదుపాయం ఉంది. ఏడాదికొకరికి, తమకైనా, ఇంట్లో ఇంకొకరికైనా, సగం ధరకే వైద్యం. ఈ ఏడాది వంతు ఆమెది. ఆ సంగతి ఇంట్లో నోరు జారడమే ఆమె చేసిన పొరపాటు. చెప్పి, గిన్నెలు కడిగి వచ్చేలోపు పంపకం అయిపోయింది.

“తమ్ముడి పేరు రాయించు. ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు” అన్నాడు భర్త, ఫోనులోంచి తలెత్తకుండా.

“నవ్వితే ఆ ముందుపళ్ల సందు కనబడుతోంది పాపం” అంది అత్తగారు.

“కనిపించని రకమే వదినా! ఇనుపవైతే నన్ను బడిపిల్లాడి కింద జమకడతారు” అన్నాడు మరిది.

ఆ సందులో కాగితం ముక్క కూడా దూరదు. “నాకు చేయించుకోవాలనుంది” అని ఆమె అనేసరికి ముగ్గురికీ నవ్వొచ్చింది.

“నీకా? ఈ వయసులో ఎవరు చూడాలని?” అన్నాడు భర్త.

ఎవరు చూడాలని. పొయ్యిగట్టు తుడుస్తున్నంతసేపూ ఆ మాట చెవిలో దోమలా తిరిగింది. పెళ్లి ఫోటోలో “కాస్త పెదాలు మూసుకో” అన్నది ఈ భర్త నోరే. పుట్టింటి ఫోను వచ్చి పకపకా నవ్వితే “ఆ వంకర పళ్లేసుకుని అంత నవ్వెందుకు” అన్నది అత్తగారి నోరు. మూసుకోమన్నప్పుడు అందరికీ కనిపించిన పళ్లు, బాగుచేయించుకుంటానంటే ఎవరికీ కనిపించకుండా పోయాయా? పోనీ, అడిగినంత మాత్రాన ఇచ్చేస్తారా అని ఊరుకోవచ్చు. కానీ వంతు ఆమెది. ఆరేళ్లు ఆ బల్ల దగ్గర గొంతరిగేలా చెప్పింది ఆమె. గుడ్డ పిండిన చేత్తోనే గట్టు మీద ఒక్కటి చరిచింది. లోపలినుంచి “ఏం పగలగొట్టావ్?” అని కేక.

మర్నాడు మధ్యాహ్నం కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి, “అక్కా, చెయ్యి తిరగడానికి, ఒక్కసారి నోరు తెరవ్వా” అని బతిమాలి ఆమె పళ్ల అచ్చు తీసింది. దానికి చీటీ అంటించడం మరిచి డాక్టరు బల్లమీద పెట్టేసింది. డాక్టరు దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి, ముందుబల్ల దగ్గరున్న ఆమెను కేకేశాడు.

“ఇదెవరిది, చీటీ లేదేం? ఎడమవైపు పై పళ్లు కిందివాటిని అందుకోవడమే లేదు. ఈ మనిషి ఏళ్ల తరబడి కుడివైపే నములుతోంది. చూడు, అటు పళ్లు తిరగలి రాళ్లలా అరిగిపోయాయి. ఇంకో నాలుగేళ్లు ఆగితే ఆ దవడా పనికిరాదు. ఫోన్ చేసి వెంటనే రమ్మను.”

“ఫోనక్కర్లేదండీ. ఇక్కడే ఉన్నాను.”

డాక్టరు అచ్చును చూశాడు, మాస్కును చూశాడు. “ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?”

“మాస్కు తియ్యొద్దన్నారు కదండీ.”

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి, సొరుగులోంచి కాగితం తీసి, వైద్యం ఎవరికి అన్నచోట తన పేరే రాసింది. ఇనుపరంగు తీగలు. ఇరవై వేలు, జీతంలో నెలనెలా పట్టుకునేట్టు సంతకం పెట్టి డాక్టరు చేతికిచ్చింది. “అవైతే పైకి కనబడతాయేమో” అని నసిగాడు డాక్టరు. “కనబడనివ్వండి” అంది.

ఆ సాయంత్రం ముగ్గురికీ వడ్డిస్తూ, ఎడమవైపు నమల్లేని సంగతీ, తన పేరే రాసిన సంగతీ చెప్పింది. మరిది ముద్ద కంచంలోకి జారవిడిచాడు. భర్త, “నన్నడక్కుండానే?” అన్నాడు.

“నమల్లేకపోవడమేమిటే, విడ్డూరం కాకపోతే! బాగానే తింటున్నావుగా” అంది అత్తగారు.

“నేను తినడం ఎప్పుడు చూశారత్తయ్యా?”

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను తమ్ముడి వైపు చూశాడు. పద్నాలుగేళ్లుగా వీళ్లు చేతులు కడుక్కుని టీవీ ముందు చేరాకే, గట్టు పక్కన నిలబడి, చల్లారినదాన్ని నీళ్లతో మింగుతోందామె. ఆ ముగ్గురిలో ఒక్కరికైనా చెప్పడానికి ఒక్క పూట గుర్తు రాలేదు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. కంచం తెచ్చుకుని, నాలుగో కుర్చీ లాక్కుని, వేడివేడిగా వడ్డించుకుంది. చిన్న ముద్ద. కుడివైపు నెమ్మదిగా, మెత్తబడేదాకా. తర్వాత ఇంకో ముద్ద. వాళ్లు తినడం అయిపోయింది. ఎంగిలి చేతులు ఎండిపోతున్నాయి. ఆమె కంచంలో పావు వంతు కూడా కదల్లేదు.

“ఇక లేస్తావా, ఇవన్నీ తియ్యాలి” అన్నాడు భర్త.

“నాకింకా చాలాసేపు పడుతుంది” అంది ఆమె, ముద్ద కలుపుకుంటూ. “మీరు తియ్యండి.”