భీముడు ఎదురింటికి ఎందుకు వెళ్లాడు

నకరికల్లు దగ్గరి ఆ ఊళ్లో ఎవరింట్లో పాలు పోయించుకుంటారన్నదాన్ని బట్టి మనిషి ఏ పార్టీయో చెప్పేయొచ్చు. కుక్కలకు మాత్రం మినహాయింపు ఉంటుందని సుకన్య అనుకునేది. ఆమె భర్త నాగభూషణం అలా అనుకోలేదు.

భీముడు వాళ్ల కుక్క. దూడంత ఉంటాడు. ఎదురింటి కోటేశ్వరమ్మ తాలూకు మనుషులు గేటు దగ్గర కనిపిస్తే చాలు, మెట్ల మీంచి ఒక్క దూకు దూకి మొరిగేవాడు. కోటేశ్వరమ్మది అవతలి పార్టీ. పంచాయతీ ఎన్నికల్లో నాగభూషణం చేతిలో ఓడిపోయింది. భీముడు మొరుగుతుంటే నాగభూషణానికి మైకులో తన పేరు విన్నట్టే ఉండేది.

అలాంటి భీముడు ఈ చలికాలం మెదలడం మానేశాడు. కోటేశ్వరమ్మ మరిది గేటుకు ఆనుకొని బీడీ ముట్టించుకున్నా, పడుకున్నచోటే తలెత్తి చూసి, తోకను నేలకేసి కొట్టి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున కోటేశ్వరమ్మ వరండాలో, ఖాళీ పత్తి గోతాల మీద తేలాడు.

నాగభూషణం కాఫీ పక్కన పెట్టి, వాళ్లు కుక్కను కొనేశారని తేల్చాడు.

సుకన్య లోపల్లోపల నవ్వుకుంది. నరసరావుపేటలో జువాలజీ డిగ్రీ చదివిన మనిషి, కుక్కలకు ఓటు లేదని ఆమెకు తెలుసు. కానీ కుళాయి దగ్గర ఆడవాళ్లు, మీ భీముడు కూడా అటు దూకాడంటగా అని ఆరా తీయడం మొదలుపెట్టేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. ఇక అన్నీ అనుమానాలే. పొద్దున్నే పిలిస్తే భీముడు ముందుకాళ్లు ఊతం చేసుకొని, వెనక భాగాన్ని బస్తాలా లాక్కుంటూ, ఆలోచించి ఆలోచించి లేచేవాడు. పొగరనుకుంది. కాసేపు తిరిగాక మామూలుగానే నడిచేవాడు. అయితే ఇందాకటిది నటనే అనుకుంది. కూతురు భవిత నడుం మీద చెయ్యేస్తే గుర్రుమన్నాడు. ఎదురింటి చదువనుకుంది. మెట్ల దగ్గర ఆగి పైకి చూసి వెనక్కి తిరిగేవాడు. ఇల్లు వెగటేసిందనుకుంది.

ఆ మెట్ల సంగతి కూడా చెప్పాలి. తన ఇంటి పునాది కోటేశ్వరమ్మ ఇంటికంటే నడుమెత్తు పైన ఉండాలని పట్టుబట్టి కట్టించాడు నాగభూషణం. మెట్లకూ వరండాకూ అద్దంలాంటి గ్రానైట్ వేయించాడు. తడి కాళ్లతో అయితే ఆ ఇంటివాళ్లే దేవుణ్ణి తలుచుకుంటూ నడుస్తారు.

శిక్ష కింద సుకన్య మాంసం మానిపించి పెరుగన్నం పెట్టింది. గొలుసేసి వరండాలో కట్టేసింది. గొలుసు విప్పిన సందు చూసుకొని భీముడు మళ్లీ వీధి దాటితే, వెళ్లి మెడపట్టీ పట్టుకొని వీధంతా చూస్తుండగా ఈడ్చుకొచ్చింది. మెట్లెక్కించేటప్పుడు వాడు కీచుమన్నాడు. నాటకాలంది.

మర్నాడు మళ్లీ అక్కడే ఉన్నాడు. ఈసారి సుకన్య వెళ్లింది కుక్క కోసం కాదు, కోటేశ్వరమ్మ కోసం.

“ఏం పెట్టి మరిగించారత్తయ్యా మా కుక్కని?” అంది, నాలుగిళ్ల అవతలకు వినపడేలా.

కోటేశ్వరమ్మ స్తంభం పట్టుకొని, మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

“నేనేం పెట్టలా. పెడితే మీ ఆయన విషం పెట్టారని కేసు పెట్టడూ? అదే వచ్చిద్ది, గోతాల మీద పడుకుంటది. పొద్దున లేవబోయి కూలబడింది. నేనెట్టా లేస్తానో అట్నే. దాని కాళ్లెప్పుడన్నా చూశావా అమ్మాయ్? నిన్న నువ్వు ఈడుస్తుంటే నాకు కలుక్కుమంది.”

సుకన్య అప్పుడు చూసింది. వెనక తొడలు చిక్కి ఎముకలు తేలాయి. పైన నడుము మాత్రం ఇంటి నెయ్యంతా చేరి పీపాలా ఉంది. నడక తగ్గి గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. ఒక కీలు దగ్గర నాకి నాకి వెంట్రుకలు ఎర్రబారాయి. ఇవేవీ ఆ పూట పుట్టినవి కావు. వెంటనే వెళ్లి ఆటో పిలిచింది.

ఎద్దుకు పెట్టినట్టు ఒక వాత పెడితే సరిపోయేదానికి పేట దాకా ఎందుకన్నాడు నాగభూషణం. అయినా మనసు ఊరుకోక, తన మోకాళ్ల మాత్రల అట్ట ఒకటి ఆమె సంచిలో వేశాడు.

నరసరావుపేటలో పశువుల డాక్టర్ అనూష భీముడి వెనక కాలు పట్టుకొని నెమ్మదిగా వెనక్కి చాపింది. వాడు ఉలిక్కిపడి, ఆమె చెయ్యి నాకాడు. ఎక్స్‌రే చూసి, తుంటి కీళ్లు అరిగాయని, కుక్కలకూ కీళ్లవాతం వస్తుందని చెప్పింది. పూర్తిగా పోదు, నొప్పి మాత్రం బాగా తగ్గించవచ్చు. ఒళ్లు తగ్గాలి, మెత్తటి పక్క కావాలి, రోజూ కొంచెం కొంచెంగా నడిపించాలి. మెట్లు వద్దు, జారే నేల అసలే వద్దు. రక్తపరీక్ష చూశాక, బరువును బట్టి మందు రాసింది. మనుషుల మాత్రలు వేస్తే కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు పోయి, ప్రాణం మీదికి రావచ్చంది. సుకన్య సంచి మూతి బిగించి పట్టుకుంది.

“నొప్పికి ఎప్పుడైనా అరిచాడా?” అని అడిగింది డాక్టర్. “కుక్కలు మామూలుగా అరవవు. పనులు మానేస్తాయి, అంతే.”

“ఒకసారి అరిచాడు,” అంది సుకన్య. ఎప్పుడో చెప్పలేదు.

ఆటో రెండిళ్ల మధ్య ఆగింది. మెట్ల పక్కన గరుకు సిమెంటుతో వాలు కట్టించాలని సుకన్య చెబితే, కుక్క కోసం ఇంటి ముందుభాగం పాడుచేస్తే నలుగురూ ఏమనుకుంటారని నాగభూషణం గొణిగాడు. అనుకోవడానికి ఇంకేం మిగల్లేదని, రేపే మేస్త్రీని పిలవమని ఆమె అంది. ఆ వాలు ఆరేదాకా భీముడు ఎక్కడుండాలి? వాడు అప్పటికే కుంటుకుంటూ వీధి దాటుతున్నాడు. సుకన్య వెనకే వెళ్లింది. పొద్దున గొడవ చూసినవాళ్లంతా అరుగుల మీదే ఉన్నారు.

“అత్తయ్యా, పొద్దున తప్పుగా మాట్లాడాను. కొన్నాళ్లు భీముణ్ణి ఇక్కడ ఉండనియ్యండి. మందూ తిండీ నేనే తెస్తాను.”

కోటేశ్వరమ్మ ఆమెను వాకిట్లోనే నిలబెట్టి, అవతలి గేటు వైపు చూసింది. తర్వాత, “మీ ఆయన్నొచ్చి అడగమను,” అంది.

నాగభూషణం గేటు దగ్గరే ఉన్నాడు. వినపడనట్టు ఉండటానికి వీధి మరీ ఇరుకు. వచ్చి, వీధి మురుగుకాలవలోకి చూస్తూ ఏదో అన్నాడు.

“వినపళ్లా నాయనా.”

“కుక్కని ఉండనియ్యి పిన్నీ.”

“ఉండమను. ఇంకో రెండు గోతాలు పరుస్తా.”

అరుగుల మీద ఎవరో దగ్గారు. సుకన్యకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున మందు కలిపిన అన్నం తెచ్చింది. భీముడు కోటేశ్వరమ్మ ఒడిలో మూతి పెట్టుకొని ఉన్నాడు. సుకన్య నిమరబోయింది. చెయ్యి మెడపట్టీ దగ్గరికి వచ్చేసరికి వాడు తల దించి, గోతాలకేసి అదుముకొని, కళ్లు మూసుకున్నాడు.

ఆమె చెయ్యి తీసేసుకుంది. గిన్నె వాడి ముందుకు జరిపి, తను వెనక్కి జరిగి నేల మీద కూర్చుంది. భీముడు చాలాసేపటికి తినడం మొదలుపెట్టాడు, ఒక కన్ను ఆమె చేతుల మీదే ఉంచి.