మూసిన ఫైలు, మా సంతకాలు

"ఈ ఫైల్లో చూసింది బయట చెప్పనని సంతకం పెట్టు" అన్నాడు కంపెనీ వకీలు. రాజనర్సు పెట్టాడు. పెట్టకపోతే, తమ్ముడు రాజేశం చావు మీద వేసిన దావాలో కాగితాలే చూపించరట. కంపెనీ అడిగింది, కోర్టు ఒప్పుకుంది. చచ్చింది మావాడు, దాపరికం మాత్రం వాళ్లకు కావాలి!

రాజేశం జూలా తెగి పడ్డాడు. ఇనుప తాళ్లకు వేలాడే తొట్టి అది. అందులో నిలబడి గోడల పని చేస్తాం. రెండు నెలలు తిరిగాయో లేదో, అదే జూలాకు రంగు పూసి మళ్లీ కట్టారు. శనివారం పొద్దున ఎక్కాల్సింది మా గదివాళ్లే.

శుక్రవారం మధ్యాహ్నం, ఈ అరబ్బు దేశంలో మేముండే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో రాజనర్సును చుట్టుముట్టాం.

"ఏమున్నదే ఆ కాయితాలల్ల?" అంజి అడిగాడు.

"చెప్పరాదురా. చెప్తే కేసు పోతదట. ఊర్ల మా మరదలు బాలవ్వకు మొగడు పాయె, నాయం గూడ పోవాల్నా?"

"మేం సచ్చినంక చెప్తవా?"

రాజనర్సు లేచి గది తలుపు మూశాడు. "నేనేం చెప్ప. ఒక్కటి అడుగుత. నా తమ్మునికి వేలిముద్ర తప్ప రాకపాయె. పొద్దుగాల మీటింగ్ కాయితం మీద వాని సంతకం ఎవలు పెడ్తుండిరి?"

రోజూ పనికి ముందు సేఫ్టీ మీటింగ్. సూపర్‌వైజర్ ఇంగ్లీషు కాగితం చాపి "యల్లా, సైన్, సైన్" అని తొందరపెడతాడు. ముందున్నవాడు గదివాళ్లందరి సంతకాలూ గీకేస్తాడు. ఒకరికొకరం సాయం చేసుకుంటున్నాం అనుకున్నాం. ఎంత బుద్ధిలేని సాయం!

"నేనే పెట్టిన" అన్నాడు నగేష్. "ఆ దినం గూడ. అండ్ల ఏం రాసిండ్రో నాకెర్క లేదు."

"అంటే, తాడు చెడ్డదని రాసి, మాకు ముందే చెప్పినమంటున్నరా?" అంజి లేచి నిలబడ్డాడు.

రాజనర్సు అవుననలేదు, కాదనలేదు. ఏడ్చాడు.

"దొంగ సంతకమని నన్ను లోపలేస్తరు" అన్నాడు నగేష్.

"నీ ఒక్కనిదేనా? నీకు నేను పెట్టలేదా? అందరం పెట్టినం. అందరం చెప్దాం" అన్నాడు అంజి.

శనివారం పొద్దున పని దగ్గర సూపర్‌వైజర్ కాగితం చాపాడు. ఒక్క చెయ్యి కూడా పెన్ను పట్టలేదు.

"సదివి చెప్పు. మా భాషల. రాజేశం సచ్చిన దినం కాయితం గూడ తే" అన్నాడు అంజి.

"వో కోర్ట్ మే హై. సీక్రెట్. మాఫీ!" లేదు పొమ్మన్నాడు సూపర్‌వైజర్.

"మా సంతకాలు మాకే దాస్తరా?"

నగేష్ ముందుకొచ్చాడు. "రాజేశం సంతకం నేను పెట్టిన. జడ్జి ముందట చెప్త. నా చెయ్యి చేసిన పని ఇది, దీన్ని ఏ ఫైల్ల మూస్తరో మూయుండ్రి!"

సెక్యూరిటీవాళ్లు అతన్ని ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. అంజి వ్యాను ముందు కూర్చున్నాడు. తర్వాత నేను. తర్వాత నేపాలీలు, బెంగాలీలు. వీసాలు కొట్టేస్తాం అని అరుస్తున్నా ఎవరూ కదల్లేదు.

అప్పుడు రాజనర్సు సిమెంటు బస్తాల మీదికెక్కాడు.

"కేసు పోతే పోనీ! నేను సూసిన! తాడు తెగుతదని నెల ముందుగాలనే రాసుకున్నరు! ఆ జూలా ఎక్కకుండ్రి!"

ఆ మాటను ఎవరో హిందీలో అన్నారు, మరొకరు నేపాలీలో, ఇంకొకరు బంగ్లాలో. కోర్టు మూసిన ఫైలును ఎర్రటి ఎండలో మేమే చదువుకున్నాం.

సాయంత్రానికి పోలీసులొచ్చి నగేష్‌తో పాటు రాజనర్సునూ తీసుకెళ్లారు. జూలా మాత్రం నేల మీదే ఉంది.