చల్లనీళ్ల తొట్టి

కర్నూలు బయట బండనేల మీద కట్టిన ఆ డేటా సెంటర్‌లో వేల కంప్యూటర్లు. బ్యాంకుల లెక్కలు, ఆసుపత్రుల రిపోర్టులు, జనం తీసుకున్న ఫోటోలు అన్నీ వాటిలోనే. రాత్రీ పగలూ నడుస్తూ పొయ్యిల్లా కాగుతాయవి. వాటిని చల్లబరచడమే రుఖియా పని.

ఆ రోజు ఆమెకు పరీక్ష. పగలు సోలార్ కరెంటుతో పెద్ద తొట్టిలో నీళ్లను బాగా చల్లబరచాలి. పొద్దు వాలాక గాలిమరలు ఊపందుకునేదాకా ఆ చల్లదనంతోనే నెట్టుకురావాలి. డీజిల్ జనరేటర్ మోగకపోతే కంపెనీ రెండో బిల్డింగునూ ఇక్కడే కడుతుంది. మోగిందా, సముద్రం పక్కకు తీసుకుపోతుంది. "మా సీమ ఎండతో అయితాది సార్" అని మీటింగులో మాటిచ్చింది రుఖియానే.

ఆలస్యంగా అన్నం తిని వచ్చేసరికి చల్లబరిచే మిషన్ల చప్పుడు లేదు. తొట్టి పక్కన వలి సాహెబ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. రుఖియా వాళ్ల వీధి మనిషే. ఈ తొట్టి దగ్గరికి డ్యూటీ మారి కొత్తగా వచ్చాడు.

"మామా, మిషన్లు ఏల ఆగినాయి?"

"తొట్టి నిండినాది కదమ్మా! పొర్లిపోతాదని నేనే ఆపితి."

రుఖియా తొట్టి మీటరు చూసింది. నీళ్లు ఇంకా సరిగ్గా చల్లబడలేదు. ఆ తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. నిండాల్సింది నీళ్లు కాదు, చల్లదనం. అయినా కొళాయి కోసం బిందెలు వరసపెట్టే వీధిలో పెరిగినవాడికి నిండిన తొట్టి కనబడితే చెయ్యి స్విచ్చు మీదికే పోతుంది. తనకైనా పోయేదేమో.

"పొర్లవు మామా. అవే నీళ్లు తిరుగుతాంటాయి. మనం చల్లదనం దాచుకుంటాండాం."

"యా అల్లా! అందరి నోట్లో మన్ను కొడితినే!"

"తర్వాత ఏడుద్దువులే. ముందు అన్నీ ఆన్ చెయ్ పా!"

పొద్దు అప్పటికే వాలుతోంది. కంప్యూటర్ల పని చూసే మేనేజర్ భూపేష్‌కు ఫోన్ చేసింది.

"సార్, తొందర లేదన్నోళ్ల పనులన్నీ రేపు పొద్దెక్కినాక పెట్టుకోండి. సినిమా బొమ్మలు చేసేటివి, పాత ఫోటోలు సర్దేటివి. ఆసుపత్రులు, బ్యాంకులు కదిలించొద్దండి."

"ఏమైంది?"

"తొట్టి సరిగ్గా చల్లబడలే. తప్పు మా షిఫ్టుది. కంప్యూటర్లు కాగేది తగ్గితే ఉన్న కరెంటంతా తొట్టికి ఇస్తా."

"ఇంకా పంతం వదలవా?"

"ఎండ ఇంకా ఉండాది కద సార్."

భూపేష్ నవ్వి సరేనన్నాడు. మిషన్లు మళ్లీ హోరెత్తాయి. చివరి ఎండ ఇచ్చిన కరెంటంతా తొట్టి తాగేసింది.

పొద్దు మునిగింది. తొట్టిలో చల్లదనం కొంచెం కొంచెంగా కరుగుతోంది. వలి సాహెబ్ బయటికీ లోపలికీ తిరుగుతున్నాడు.

"గాలి లేసెనా మామా?"

"ఆకు గూడా కదల్లేదమ్మా."

మరికాసేపటికి ఆయన టోపీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "లేసెనమ్మో! టోపీ ఎగిరిపోతాండాది!"

తెరమీద గాలిమరల కరెంటు చూపే గీత పైకి లేచింది. డీజిల్ చుక్క కాలకుండానే కంప్యూటర్లు గట్టెక్కాయి.

భూపేష్ ఫోన్ చేశాడు. "రెండో బిల్డింగు ఈడనే, రుఖియా! నీ షిఫ్టులో ఎవరెవరు ఉండారు?"

"వలి సాహెబ్ పేరు ముందర రాసుకోండి సార్" అంది రుఖియా గట్టిగా, ఆయనకు వినబడేలా.

ఇంటికి పోతుంటే ఆటో డ్రైవర్ అడిగాడు. "ఏం పనప్పా మీది?"

వలి సాహెబ్ రొమ్ము విరుచుకున్నాడు. "మధ్యాహ్నం ఎండను చల్లగా చేసి, సాయంత్రానికి దాస్తాండాం."

"అట్లనా! అయితే మా ఇంటికొక బిందెడు పంపించు సాహెబూ."