గోడ ఇవతలి వెలుగు

భోజనాలయ్యాక గిన్నెలన్నీ తోమి, గట్టు తుడిచి, చేతులు ఆరకముందే పెరటి మెట్టు మీద చతికిలబడడం కొత్త కోడలికి ఆ ఇంట్లో దొరికిన మొదటి సుఖం. మెట్టు చల్లగా ఉండేది. చీకటిగా ఉండేది. కాసేపటికి మంచినీళ్ళ వంకతో భర్త వచ్చి పక్కన కూర్చునేవాడు. పగలంతా అమ్మానాన్నల ముందు ఆమెతో మాట్లాడడానికే మొహమాటపడే మనిషి, ఆ చీకట్లో నానిన ఆమె వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని, "ఏమే ముడతల ముసలమ్మా" అని ఏడిపించేవాడు. నవ్వు బయటికి రాకుండా ఆమె మోకాళ్ళలో మొహం దాచుకునేది. ఆ కాస్త నవ్వుతో మర్నాటి చాకిరీ అంతా ఒంటిచేత్తో చేసెయ్యొచ్చనిపించేది.

అలాంటి పెరట్లో మామగారు పెద్ద లైటు బిగించారు. మనిషి కదిలితే వెలుగుతుంది, కదలిక లేకపోతే కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. "దొంగ కాలు పెడితే పట్టపగలే" అని మురిసిపోయారాయన. దొంగలైతే రాలేదు గానీ, ఆమె తలుపు తీసినప్పుడల్లా పెరడు భగ్గుమనేది. వెంటనే గదిలోంచి అత్తగారి గొంతు, "ఎవరదీ?" "నేనే అత్తయ్యా, గిన్నెలు." "నేనే అత్తయ్యా, బట్టలు." తన వెనకాల ఒక పని పేరు తగిలిస్తే గానీ ఆ ప్రశ్న ఊరుకునేది కాదు. భర్త మంచినీళ్ళు లోపలే తాగడం మొదలుపెట్టాడు. "అమ్మ చూస్తుందోయ్" అన్నాడు.

పక్కింట్లో ఉండే నర్సు ఒకరోజు గోడమీదుగా అంది, "మీ లైటు తిన్నగా నా మంచం మీదే పడుతోందమ్మాయ్. డ్యూటీ చేసొచ్చి కన్ను మూస్తే ఒట్టు."

బయటి దీపాల వెలుగు పక్కవాళ్ళ స్థలంలో పడకూడదని చెత్తబండి మైకు రోజూ ఊదరగొడుతూనే ఉంది. ఇంటిల్లిపాదిలో చెత్తబుట్ట పట్టుకెళ్ళేది ఆమె ఒక్కతే కాబట్టి, మున్సిపాలిటీ నిబంధనలు ఆమెకొక్కదానికే కంఠతా వచ్చాయి. డిగ్రీ చదువు కంటే ఆ చెత్తబుట్టే అక్కరకొచ్చిందని లోలోపల గంతులేసింది.

"రూలుంది అక్కా. ఫిర్యాదు చెయ్యండి. నేను చెప్పానని మాత్రం అనకండేం."

లైటు పీకేస్తారనే అనుకుంది.

మున్సిపాలిటీ ఉద్యోగి సందెవేళ వచ్చాడు. మామగారు కుర్చీ వేసి, "అమ్మాయ్, టీ" అని కేకేశారు. టీ కాచినంతసేపూ ఆమె చెవులు పెరట్లోనే ఉన్నాయి. "తీసెయ్యక్కర్లేదండీ" అంటున్నాడతను. "మెడ వంచి మీ వైపు తిప్పుకోండి, పైన రేకు కట్టించండి. గోడ దాటకూడదు, అంతే." భర్తే నిచ్చెనెక్కి వంచాడు. నర్సు కిటికీ చీకటిలో హాయిగా చల్లబడింది. వెలుగంతా మెట్టు మీద, మెట్టు పక్కనున్న ఆలుమగల పడగ్గది కిటికీ మీద బిందెతో గుమ్మరించినట్టు పడింది.

కప్పు అందిస్తూ ఆమె అడిగేసింది. "లోపలున్నవాళ్ళకి ఇబ్బందైతేనండీ?"

అతను నవ్వాడు. "లోపల ఉండేది ఇంటివాళ్ళే కదమ్మా. మీ ఇల్లు, మీ ఇష్టం."

"చదువుకున్న పిల్ల కదా, అన్నీ అనుమానాలే" అన్నారు మామగారు. నిచ్చెన మీంచి భర్త కూడా నవ్వాడు.

మీ ఇల్లు, మీ ఇష్టం. ఆ పూట గిన్నెలతో పాటు ఆ మాటనీ తిప్పి తిప్పి తోమింది. ఏ కిటికీ ఎప్పుడు తియ్యాలో, కూరలో ఉప్పెంతో కూడా తన ఇష్టం కాని ఇల్లు. గోడకి అవతల ఉండి ఉంటే తన నిద్రకీ ఒక రూలు ఉండేది. వెలుగు గోడ దాటితే తప్పు. తన మీద పడితే తప్పు కాదు.

వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. కొయ్యబొమ్మలా కూర్చుంటే కాసేపటికి లైటు ఆరిపోయింది. అదే పాత చీకటి. కానీ అది దక్కాలంటే తను అక్కడ లేనట్టే ఉండాలి. లోపల గ్లాసు పెట్టిన చప్పుడైంది. అడుగులు ఇటు రాలేదు, పడగ్గదివైపు వెళ్ళిపోయాయి. కళ్ళు నిండాయి. తుడుచుకుందామంటే చెయ్యి కదిలితే వెలుగుతుందని ఆగింది. అలా ఆగినందుకు ఇంకా ఏడుపొచ్చింది.

చెయ్యెత్తి తుడుచుకుంది. పెరడు భగ్గుమంది.

"ఎవరదీ?"

"నేను."

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"ఏమీ చెయ్యట్లేదు అత్తయ్యా. కూర్చున్నాను."